యుద్ధం ముగియకముందే మొదలైన బొగ్గు పంపకాలు: 1944–47 యూరప్ గురించి మాట్లాడుకుందాం

పాతపుటలు
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మన వేదికలో రెండో ప్రపంచ యుద్ధం మీద ఎన్నో చర్చలు నడిచాయి. స్టాలిన్‌గ్రాడ్ వచ్చింది, నార్మండీ వచ్చింది, హిరోషిమా వచ్చింది. బొగ్గు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. కొన్ని నెలలుగా నాకు ఇదే ధ్యాస.

ఆమ్‌స్టర్‌డామ్‌తో మొదలుపెడతాను. 1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్ దక్షిణ కొసన ఉన్న లింబర్గ్ గనులు మిత్రదేశాల చేతికి వచ్చాయి. పడమటి నగరాలు ఇంకా జర్మన్ల కిందే ఉన్నాయి. దాంతో బొగ్గు ఒకవైపు, జనం ఒకవైపు అయిపోయారు. గ్యాస్ ఆగింది, కరెంటు ఆగింది, ట్రాములు ఆగాయి. ఆ చలికాలం జనం వీధుల్లోకి వచ్చి ట్రాము పట్టాల మధ్య పరిచిన చెక్క దిమ్మెలను ఒక్కొక్కటే తవ్వి తీసుకున్నారు. తారు పట్టించిన చెక్క కాబట్టి బాగా మండేది. డబ్బా అంత చిన్న పొయ్యిలో రెండు ముక్కలు వేసి, ఉన్న నాలుగు దుంపలు ఉడికించుకునేవాళ్లు. నాజీలు పట్టుకుపోయిన యూదుల ఇళ్లు ఖాళీగా ఉండేవి. వాటిలో మెట్లు, దూలాలు కూడా ఊడబీకారు. కొన్ని ఇళ్లు అలాగే కూలిపోయాయి.

సరిగ్గా ఆ నెలల్లోనే లండన్‌లో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఒక ముసాయిదా మీద కూర్చున్నారు. యుద్ధం ముగిశాక యూరప్‌లో ఉన్న కాస్త బొగ్గును ఏ దేశానికి ఎంత పంచాలి? ఎవరు పంచాలి? రష్యాను ఎలా కలుపుకోవాలి? ఆ చర్చల ఫలితమే యూరోపియన్ కోల్ ఆర్గనైజేషన్. 1945 మేలో తాత్కాలికంగా పని మొదలుపెట్టింది, 1946 జనవరి 4న ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి, 1947 చివరికి మూతపడింది. రెండున్నరేళ్లే బతికిన ఈ సంస్థ ఎన్నో లక్షల మంది పొయ్యిలు వెలిగించిందని నా నమ్మకం. మీరేమంటారు?

సునీత_బి
శనివారం, రాత్రి 10:15

చాలా మంచి విషయం ఎత్తారు. నాదొక చిన్న సందేహం. జర్మనీలో రూర్ లోయ, జర్మనీ పోలండ్‌ల మధ్య సైలీసియా, బెల్జియం, బ్రిటన్... స్కూల్లో భూగోళం పాఠంలో బొగ్గు అంటే ఇవే చెప్పేవారు కదా. ప్రపంచానికే బొగ్గు అమ్మిన ఖండంలో కరువు ఎలా వచ్చింది? బాంబులు పడి గనులన్నీ పాడైపోయాయా?

పాతపుటలు
శనివారం, రాత్రి 10:52

సునీత గారూ, నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ భూమి కింద బొగ్గు ఎక్కడిదక్కడే ఉంది. రూర్‌లో చాలా గనులు లోపల పెద్దగా దెబ్బతినలేదు కూడా. లేనిది మనుషులు. యుద్ధం చివర్లో రూర్ గనుల్లో పనిచేసిన వాళ్లలో చాలా పెద్ద భాగం సోవియట్, పోలిష్, ఇటాలియన్ బందీలే. వాళ్ల చేత బానిసల్లా పని చేయించారు. 1945 వసంతంలో విముక్తి రాగానే వాళ్లు ఆ గనుల వైపు మళ్లీ చూడలేదు. ఎందుకు చూస్తారు? జర్మన్ గని కార్మికుల్లో పడుచువాళ్లు సైన్యంలోకి వెళ్లారు. కొందరు చనిపోయారు, కొందరు ఖైదీల శిబిరాల్లో ఉన్నారు. మిగిలింది వయసు పైబడినవాళ్లు.

ఇక బ్రిటన్. 1913లో 28.7 కోట్ల టన్నులు తవ్విన దేశం అది. 1945 నాటికి 19 కోట్లు కూడా దాటలేదు. మనుషులు చాలక 1943 డిసెంబరు నుంచి సైన్యానికి పిలిచిన కుర్రాళ్లలో పదిమందికి ఒకరిని చీటీ తీసి గనులకు పంపారు. ఆ పథకం పెట్టిన కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరు మీదే వాళ్లకు బెవిన్ బాయ్స్ అని పేరొచ్చింది. యుద్ధానికి ముందు డెన్మార్క్, నార్వే, ఫ్రాన్స్ లాంటి దేశాలకు ఓడల్లో బొగ్గు పంపిన బ్రిటన్, ఇప్పుడు తన ఇళ్లకే చాలదని చేతులెత్తేసింది. అందుకే పంపకాల సంస్థ కావాలని ముందుగా పట్టుబట్టిందీ బ్రిటనే. లేకపోతే విముక్తి అయిన ప్రతి దేశమూ తన గుమ్మం ముందే నిలబడుతుందని దానికి తెలుసు.

బాయి మామయ్య
ఆదివారం, ఉదయం 6:05

అందరికీ శుభోదయం. బొగ్గు బాయిలో ముప్పై ఏళ్లు పని చేసి రిటైరైనవాణ్ని. చరిత్ర పెద్దగా చదవలేదు. కానీ పాతపుటలు గారు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నా.

బొగ్గు తీయాలంటే ముందు కర్ర కావాలి. ఈ మాట బయటివాళ్లకు తెలియదు. బొగ్గు తీసినకొద్దీ పైకప్పు ఖాళీ అవుతుంది, దాని కింద దుంగలు నిలబెట్టాలి. మా కాలంలో టింబర్‌మెన్ అని వేరే మనుషులే ఉండేవాళ్లు. పైన బరువు పెరిగితే కర్ర మాట్లాడుతుంది. ముందు సన్నగా టిక్కు టిక్కుమంటుంది, తర్వాత పీచులు లేస్తాయి, ఆ తర్వాత ఫట్‌మని చీలుతుంది. మొదటి చప్పుడుకే బయటికి ఉరకాలి. ఇనుప స్తంభం గట్టిదే, కానీ కర్రలాగా ముందే చెప్పదని పాతవాళ్లు అనేవాళ్లు. కర్ర లేకుండా ఏ సర్దారూ, అంటే లోపల పని చూసే పెద్ద, మనిషిని లోపలికి పంపడు.

మరి యుద్ధం అయిపోయిన దేశాల్లో ఈ కర్ర ఎవరిచ్చారు? అడవులు నరకడానికి మనుషులు, లారీలు, ఓడలు అన్నీ కావాలి కదా.

ఇంకోటి తిండి. బొగ్గు నింపేవాడు ఒక షిఫ్టులో టన్నుల కొద్దీ తట్టలకు ఎత్తుతాడు. కడుపు నిండకపోతే మూడో గంటకే చేయి లేవదు. వాడికి ఎక్కువ రేషన్ ఇచ్చారే అనుకుందాం. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉంటే డబ్బాలో అన్నం వాడి గొంతు దిగదు. సగం మూటగట్టి ఇంటికే తెస్తాడు. నేను చూసిన సంగతి ఇది.

పాతపుటలు
ఆదివారం, ఉదయం 8:30

మామయ్యా, మీరు అడిగిన రెండు ప్రశ్నలే ఆ సంస్థ బల్ల మీద అసలు ప్రశ్నలు. బొగ్గుతో పాటు గని కర్రనూ దేశాల మధ్య పంచే పని వాళ్లే నెత్తిన వేసుకున్నారు. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి అడవుల దేశాల దగ్గర కర్ర ఉంది, బొగ్గు లేదు. గనుల దేశాలకు కర్ర కావాలి. ఒకరి కొరత ఇంకొకరి కొరతకు మందు.

తిండి విషయంలో మీరన్నది అక్షరాలా జరిగింది. 1946 మార్చిలో జర్మనీలో బ్రిటిష్ సైన్యం ఆక్రమించిన ప్రాంతంలో మామూలు మనిషి రేషన్‌ను రోజుకు సుమారు వెయ్యి కేలరీలకు కోసేశారు. గని కార్మికులకు వేరే రేషన్ ఉన్నా, వెంటనే బొగ్గు ఉత్పత్తి పడిపోయింది. కారణం మీరు చెప్పినదే, ఇంట్లోవాళ్ల ఆకలి. 1947 జనవరిలో కొత్త పద్ధతి పెట్టారు. మానకుండా పనికి వచ్చినవాడికి పాయింట్లు, ఆ పాయింట్లకు కొవ్వు మాంసం, కాఫీ, సిగరెట్లు, బట్టలు. ఉత్పత్తి లేచింది.

రైలుబండి
ఆదివారం, మధ్యాహ్నం 1:20

రవాణా సంగతి నేను చెప్తాను, రైల్వేలో పని కాబట్టి నా కళ్లు అటే పోతాయి. గని నోటి దగ్గర గుట్టలు పడిన బొగ్గు గుట్టలుగానే ఉండిపోయింది. జర్మన్లు వెనక్కి తగ్గుతూ రైన్ నది మీద వంతెనలు దాదాపు అన్నీ పేల్చేశారు. కొలోన్‌లో పెద్ద చర్చి పక్కనే ఉన్న హోహెన్‌జోలెర్న్ వంతెనను 1945 మార్చి 6న పేల్చారు. వంతెన పడితే రైలు ఒక్కటే ఆగదు. ఆ ఇనుము నదిలోనే పడుతుంది, దాంతో పడవలూ ఆగుతాయి. రూర్ బొగ్గుకు రైన్, కాలువలే పెద్ద దారి. వ్యాగన్లు చూస్తే, ఫ్రాన్స్‌వి జర్మనీలో, బెల్జియంవి పోలండ్‌లో, ఎవరివి ఎక్కడున్నాయో లెక్కే లేదు.

అందుకే బొగ్గు సంస్థకు జంటగా రవాణా సంస్థ కూడా లండన్‌లోనే పుట్టింది. దౌత్యం చిక్కుపడిందీ అక్కడే. 1944 శరత్కాలంలో రవాణా సమావేశానికి రష్యా వచ్చింది. పోలండ్ తరఫున ఎవరు కూర్చోవాలనే దగ్గర గొడవ. లండన్‌లో తలదాచుకున్న పోలిష్ ప్రభుత్వమా, లుబ్లిన్‌లో రష్యా నిలబెట్టిన కమిటీయా? బ్రిటన్, అమెరికా మొదటిదాన్ని గుర్తించాయి. రష్యా రెండోదాన్ని 1945 జనవరిలో ప్రభుత్వంగానే గుర్తించింది. చివరికి ఆ బల్ల మీంచి రష్యా లేచిపోయింది.

సునీత_బి
ఆదివారం, మధ్యాహ్నం 2:05

ఒక కుర్చీ కోసం బొగ్గు మొత్తం ఆపుకున్నారా? పోలండ్ అంత ముఖ్యమా?

పాతపుటలు
ఆదివారం, మధ్యాహ్నం 3:10

అంత ముఖ్యమే, సునీత గారూ. రూర్, బ్రిటన్ తర్వాత యూరప్‌లో పెద్ద బొగ్గు నిధి సైలీసియా. సరిహద్దులు పడమటికి జరపడంతో అది దాదాపు మొత్తం పోలండ్ చేతికి వస్తోందని 1945 నాటికి తేలిపోయింది. పోలండ్ ఎవరి మాట వింటుందో, స్కాండినేవియా చలికాలం వాళ్ల చేతిలో ఉంటుంది.

బొగ్గు సంస్థ విషయంలో కూడా రష్యాకు పిలుపు వెళ్లింది. జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే చలికాలం ఆగదు కదా. అందుకే 1945 మేలో రష్యా లేకుండానే మొదలుపెట్టారు. ఇక్కడ ఒక మంచి పని జరిగింది. తలుపు మూయలేదు. వార్సాలో ఏర్పడిన కొత్త ఉమ్మడి ప్రభుత్వాన్ని ఆ జులైలో బ్రిటన్, అమెరికా గుర్తించాక, తర్వాత పోలండ్, చెకోస్లోవేకియా కూడా సభ్యులుగా చేరాయి. రష్యా ఎప్పటికీ చేరలేదు.

అయితే పోలండ్ తన బొగ్గంతా తెచ్చి బల్ల మీద పెట్టలేకపోయింది. 1945 ఆగస్టు 16న మాస్కోలో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. దాని ప్రకారం 1946లో 80 లక్షల టన్నులు, తర్వాత నాలుగేళ్లు ఏటా కోటీ 30 లక్షల టన్నులు, ఆ తర్వాత జర్మనీ ఆక్రమణ సాగినన్నాళ్లూ ఏటా కోటీ 20 లక్షల టన్నులు రష్యాకు ఇవ్వాలి. అదీ బజారు ధరలో చిన్న ముక్కకు. యుద్ధంలో అందరికంటే ఎక్కువగా నలిగిన దేశాల్లో పోలండ్ ఒకటి. దాని చేతిలో ఉన్న ఒకే ఒక్క సొమ్ము ఈ బొగ్గు. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

గోపాల్_హైదరాబాద్
ఆదివారం, రాత్రి 8:45

క్షమించండి, నేను కొంచెం గట్టిగానే మాట్లాడాలి. మీరు దీన్ని మంచి మనుషుల కథలా చెప్తున్నారు. నాకు గెలిచినవాడు ఓడినవాడి బొగ్గు పంచుకున్న కథలా కనిపిస్తోంది. 1945 జులై 26న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జర్మనీలోని తన సైనికాధికారి ఐసెన్‌హోవర్‌కు ఏమని ఆదేశమిచ్చాడు? పశ్చిమ జర్మనీ గనుల నుంచి ఆ ఏడాదిలోపు కోటి టన్నులు, 1946 ఏప్రిల్ చివరికి ఇంకో కోటిన్నర టన్నులు ఎగుమతి కావాలని. దానివల్ల జర్మనీలో ఉద్యోగాలు పోతాయని, అశాంతి వస్తుందని తెలిసే ఇచ్చాడు. చలికి ఎవరి పిల్లలైనా ఒకేలా వణుకుతారు.

మొదటి యుద్ధం తర్వాతా ఇదే చేశారు. వెర్సాయ్ శాంతి ఒప్పందంలో జర్మనీ మీద బొగ్గు బాకీ, 1920లో స్పా సమావేశంలో నెలకు 20 లక్షల టన్నుల లెక్క, చివరికి టెలిగ్రాఫ్ స్తంభాలు, బొగ్గు బాకీ పడ్డాయని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్‌లోకి దిగడం. దాని తర్వాత ఏం పుట్టిందో అందరికీ తెలుసు.

ఇంకో మాట కూడా. యుద్ధంలో నలిగిన దేశాల సహాయ పునరావాసాల కోసం 44 దేశాలు వైట్‌హౌస్‌లో సంతకాలు పెట్టింది 1943 నవంబరులో. అదే నవంబరులో బెంగాల్ కరువులో మనవాళ్లు వీధుల్లో పడి చనిపోతున్నారు. అది చదివినప్పుడు ఏ తెలుగువాడికైనా కోపం రాదా?

పాతపుటలు
ఆదివారం, రాత్రి 9:50

గోపాల్ గారూ, బెంగాల్ విషయంలో మీ కోపం నా కోపమే. అందులో వాదన లేదు.

ట్రూమన్ ఆదేశం సంగతికి ముందు ఒక నివేదిక ఉంది. 1945 జూన్‌లో అమెరికా నుంచి చార్లెస్ పాటర్, బ్రిటన్ నుంచి లార్డ్ హైండ్లీ వాయవ్య యూరప్ గనులన్నీ తిరిగి చూసి రాసింది. తీవ్రమైన చర్యలు తీసుకోకపోతే రాబోయే చలికాలంలో వచ్చే బొగ్గు కరువుకు శాంతిభద్రతల ఆనవాలే మిగలదని అందులో హెచ్చరించారు. ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్‌ను అయిదేళ్లు దోచుకున్నది జర్మనీయే. వాళ్లను మళ్లీ చీకట్లో ఉంచి జర్మనీ ఇళ్లకు ముందు బొగ్గు ఇవ్వమంటే ఏ నాయకుడు ఒప్పుకుంటాడు? న్యాయం అటూ ఉంది, ఆకలి ఇటూ ఉంది. చివరికి ఆ కోటాలో సగం కూడా గడువుకు వెళ్లలేదు. కాగితం మీద ఆదేశం బొగ్గు తవ్వలేదు, మామయ్య చెప్పిన కర్ర, తిండే తవ్వాలి.

అయితే 1923కీ దీనికీ తేడా ఉందంటాను. 1923లో అడిగింది బాకీ. 1945లో అవసరమైనవాళ్లందరూ తమ అంకెలు ఒకే బల్ల మీద పెట్టి, ఎవరికెంత అని సిఫార్సు చేసుకున్నారు. ఆ సంస్థకు బలవంతం చేసే అధికారం ఏమీ లేదు. బొగ్గు కొనలేదు, అమ్మలేదు, సొంతంగా ఒక్క వ్యాగన్ లేదు. బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్ పక్కనే గ్రీస్, లక్సెంబర్గ్ ప్రతినిధులూ కూర్చుని తమ లెక్క చెప్పుకునేవాళ్లు. ఎవరి దగ్గర నిల్వ ఎంతుందో అందరికీ తెలిశాక, ఉన్నవాడు లేదని చెప్పడం కష్టం. చాలా సిఫార్సులు అమలయ్యాయి. నాకు ఈ సంగతే అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

ఎస్సెన్_నుంచి
ఆదివారం, రాత్రి 11:30

నమస్తే అండీ. నేను ఇక్కడ ఎస్సెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, అంటే మీరు మాట్లాడుతున్న రూర్ నడిబొడ్డులోనే. రోజూ వెళ్లే దారిలో జోల్‌ఫెరైన్ గని గోపురం కనిపిస్తుంది. 1986లో మూసేశారు, ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం.

గోపాల్ అన్న చెప్పిన జర్మన్ పిల్లల మాటకు ఒకటి కలుపుతాను. 1946 డిసెంబరు 31 సాయంత్రం కొలోన్‌లో అక్కడి క్యాథలిక్ ఆర్చ్‌బిషప్ కార్డినల్ ఫ్రింగ్స్ ఒక ప్రసంగం చేశారు. ప్రాణం, ఆరోగ్యం నిలుపుకోవడానికి తప్పనిసరైనది పని చేసీ, అడిగీ దొరకనప్పుడు మనిషి తీసుకోవచ్చు అన్నారు. తర్వాతి వాక్యాల్లో చాలామంది హద్దు దాటారనీ, తీసుకున్నది తిరిగి ఇవ్వాలనీ కూడా అన్నారు. జనం మొదటి సగమే విన్నారు. ఆ చలికాలం దారుణం. బొగ్గు రైలు మలుపు దగ్గర నెమ్మదించగానే పిల్లలు పైకెక్కి బొగ్గు కిందికి తోసేవాళ్లు, తల్లులు సంచుల్లో ఏరుకునేవాళ్లు. ఆ పనికి కార్డినల్ పేరుతోనే 'ఫ్రింగ్సెన్' అనే క్రియాపదం పుట్టింది. మా ఇంటి ఓనరు అమ్మమ్మను అడిగితే ఆ మాట వినగానే నవ్వి, వెంటనే కళ్లు తుడుచుకుంది. వాళ్ల అన్నయ్య రైలెక్కేవాడట, ఆమె కింద సంచి పట్టుకునేదట. అప్పుడామెకు ఏడేళ్లు.

రైలుబండి
సోమవారం, ఉదయం 7:15

ఆ రైళ్లలో కొన్ని ఎగుమతి బొగ్గువే అయ్యుంటాయి. చదువుతుంటే గుండె బరువెక్కింది. అదే చలికాలం బ్రిటన్‌లోనూ మంచు పడి 1947 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీలకు కరెంటు కోశారు. గనులు జాతీయం చేసి అప్పటికి ఆరు వారాలే. కొత్త బొగ్గు బోర్డుకు మొదటి ఛైర్మన్ ఎవరో తెలుసా? పైన చెప్పిన లార్డ్ హైండ్లీనే.

సునీత_బి
సోమవారం, ఉదయం 10:40

ఇంత కొరతలో బొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందండీ మరి?

పాతపుటలు
సోమవారం, మధ్యాహ్నం 12:05

అట్లాంటిక్ దాటి వచ్చింది. అమెరికా యుద్ధకాలంలో కట్టిన లిబర్టీ ఓడల్లో లక్షల టన్నులు పంపింది. ఓడ కిరాయి కలిపితే రూర్ బొగ్గు కంటే ఎంతో ఎక్కువ ధర. యూరప్ దేశాల దగ్గర డాలర్లు లేవు. ఉన్న కాసిన్ని యంత్రాలకో తిండికో పెట్టాల్సినవి, బొగ్గు పొగలో పోయాయి. తర్వాత మార్షల్ ప్లాన్, అంటే యూరప్‌కు అమెరికా ఆర్థిక సాయం, కావాల్సి రావడానికి ఇదీ ఒక కారణం.

గోపాల్_హైదరాబాద్
సోమవారం, సాయంత్రం 6:30

పాతపుటలు గారి జవాబు చదివాను. బాకీకీ అవసరానికీ మధ్య తేడా ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఎవరో ఒకరు దీన్నుంచి నేరుగా యూరోపియన్ యూనియన్‌కు గీత గీస్తారని భయం. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి షూమన్ ప్రకటన, 1951 ఏప్రిల్ 18న ఆరు దేశాల బొగ్గు ఉక్కు ఒప్పందం, అంతా సుఖాంతం అని. ఆ గీత మధ్యలో మనుషులున్నారు. 1946 జూన్‌లో ఇటలీ, బెల్జియం ఒప్పందం చేసుకున్నాయి. ఇటలీ 50 వేల మంది కూలీలను పంపాలి, బదులుగా బెల్జియం బొగ్గు అమ్మాలి. పల్లెల్లో గులాబీ రంగు పోస్టర్లు అంటించారు. భూమి లేని కుర్రాళ్లు అవి చూసి రైలెక్కారు. 1956 ఆగస్టు 8న బెల్జియంలోని మార్సినెల్ గనిలో మంటలు రేగి 262 మంది చనిపోయారు. అందులో 136 మంది ఇటాలియన్లు.

బాయి మామయ్య
సోమవారం, రాత్రి 7:50

గోపాల్ బిడ్డా, ఈ మాట చెప్పినందుకు నీకు దండం. షిఫ్టు దిగినవాడు పైకి వచ్చే దాకా బాయి గేటు దగ్గర నిలబడే ఆడవాళ్లను నేను చూశాను. సైరన్ అదే పనిగా మోగితే ఊరంతా ఉరుకుతుంది. ఇటలీ అయితే ఏంది, బెల్జియం అయితే ఏంది, ఆ గేటు ఒక్కటే.

పాతపుటలు
సోమవారం, రాత్రి 9:20

నేరుగా గీత నేనూ గీయను. 1944లో రూపుదిద్దుకున్న ఆ బొగ్గు సంస్థ తాత్కాలికంగానే ఉండాలని మొదటి నుంచీ ఉద్దేశం. కొరత తీరగానే మూసేయాలనే రాసుకున్నారు. 1951 నాటిది యాభై ఏళ్లకు రాసుకున్నది, అధికారాలున్నది, పైగా అందులో బ్రిటన్ లేదు, పోలండ్ లేదు. నా దృష్టిలో 1944 వాళ్ల అసలు వారసత్వం జెనీవాకు వెళ్లింది. 1947 చివర్లో సంస్థ మూసేసినప్పుడు పనంతా ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘంలోని బొగ్గు కమిటీకి అప్పజెప్పారు. తూర్పు, పడమర రెండూ సభ్యులుగా ఉన్న వేదిక అది. అప్పటికి ప్రచ్ఛన్న యుద్ధం మొదలైపోయింది. అయినా పోలండ్ బొగ్గు ఓడలు బాల్టిక్ దాటి స్వీడన్‌కు వెళ్తూనే ఉన్నాయి.

ఎస్సెన్_నుంచి
సోమవారం, రాత్రి 11:05

అదే సమయంలో బెర్లిన్‌లో ఇంకో దృశ్యం. 1948 జూన్‌లో పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే రోడ్డు, రైలు, నీటి దారులన్నీ రష్యా మూసేసింది. ఆ నగరానికి విమానాల్లో చేర్చిన 23 లక్షల టన్నుల సరుకులో దాదాపు మూడింట రెండు వంతులు బొగ్గే. గోతాల్లో నింపి, విమానంలో పేర్చి, మూడు నాలుగు నిమిషాలకొకటి దింపారు. లోపలంతా బొగ్గు ధూళి పట్టి పైలట్లకు ఊపిరాడేది కాదట.

బాయి మామయ్య
మంగళవారం, ఉదయం 5:55

విమానంలో బొగ్గా! మేము తట్టతో ఎత్తినదాన్ని ఆకాశంలో మోశారా. బిడ్డా, ఎస్సెన్‌లో ఆ పాత గని లోపలికి ఇప్పుడు మనుషుల్ని పోనిస్తారా? నువ్వు ఒకసారి వెళ్లు. అక్కడ పైకప్పు కింద కర్ర పెట్టారా, ఇనుము పెట్టారా చూసి, ఫొటో తీసి ఇక్కడ పెట్టు.